తాళం పదిలం, తలుపు బార్లా

బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ దాస్తే దొంగల పాలేనని భయపడే పెద్దమనిషి, ఒకే పాస్‌వర్డును బ్యాంకుకూ, కరెంటు బిల్లుకూ, సినిమా టికెట్లకూ వాడేస్తాడు. ఒక్కచోట లీకైతే అన్నిచోట్లా గోవిందా! బ్రౌజరైతే ఖాతాకో కొత్తది అల్లిపెడుతుంది. పైగా వెబ్ చిరునామా సరిపోలితేనే నింపుతుంది కాబట్టి, మన కళ్లకు గంతలు కట్టే నకిలీ బ్యాంకు సైటు దాన్ని అంత తేలిగ్గా బోల్తా కొట్టించలేదు. అలాగని భయం ఉత్తదీ కాదు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరికైనా క్రోమ్ దాచినవన్నీ విప్పి చూపిస్తోందని 2013లో పెద్ద గోలే అయింది. తర్వాతే అది కంప్యూటర్ పాస్‌వర్డ్ అడగడం నేర్చింది. ఫైర్‌ఫాక్స్‌లో అన్నిటికీ కాపలాగా ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, కాకపోతే మనమే పెట్టుకోవాలి. పెట్టుకుంటామా? చిరాకని స్క్రీన్ లాకే తీసేసి, మానిటర్‌కు పాస్‌వర్డ్ చీటీ అంటించే ఆఫీసుల్లో హ్యాకింగ్ దేనికి, చదవడం వస్తే చాలదూ!