ఖాళీ రాడ్డు బరువెంత?

జిమ్‌లో చేరిన మొదటి రోజు ఈ వ్యాసకర్త అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎంత బరువుతో మొదలుపెట్టాలి? అడగలేదు. పక్క బెంచీ మీది కుర్రాడు రాడ్డుకి ఏం తగిలించాడో ఓరకంట చూసి, తనూ అవే తగిలించాడు. అటొక 20 కిలోల ప్లేటు, ఇటొకటి. మొత్తం 40 అని ఆయన లెక్క. రాడ్డుకీ బరువుంటుందని, అది ఇంకో 20 కిలోలని తెలిసింది మాత్రం రాడ్డు వచ్చి గుండెల మీద కూర్చున్నాకే.

"అన్నా, వదలకు, పట్టుకున్నా!" అంటూ ట్రైనర్ పరుగెత్తుకొచ్చాడు. రాడ్డు స్టాండెక్కాక వరస మారింది. "అంకుల్, కాసిని మంచినీళ్లు తాగండి."

మగవాళ్ల పోటీ రాడ్డు 2.2 మీటర్ల పొడుగు, 20 కిలోల బరువు. ఆడవాళ్లది 15 కిలోలు. జిమ్ముల్లో సన్నటివీ పొట్టివీ కూడా ఉంటాయి కాబట్టి ముందు రాడ్డునే కాటా ఎక్కించడం మంచిది. అప్పటిదాకా వ్యాసకర్త కాటా ఎక్కించింది తన ఒంటినే.

అసలు ఆయనగారి మోత ఎంతో ఇంట్లో వాళ్లకి తెలుసు. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న బియ్యం ప్యాకెట్ల మీద జీఎస్టీ పడ్డాక, మిల్లర్లు తెలివిగా ఓ కిలో కలిపి 26 కిలోల బస్తాలు దించారు. ఆ బస్తాని రెండో అంతస్తుకి చేర్చడానికి నెలనెలా వాచ్‌మన్‌ని బతిమాలే మనిషి, తొలిరోజే 60 కిలోల కింద పడుకున్నాడు!

మర్నాటి నుంచి ట్రైనర్ మాటే వేదం. అమెరికన్ కోచ్ మార్క్ రిప్పటో చెప్పే పద్ధతీ ఇంచుమించు అదే. ఖాళీ రాడ్డుతో అయిదుసార్లు చెయ్యాలి. తేలిగ్గా లేస్తే కొంచెం బరువు కలిపి మళ్లీ అయిదు. ఎక్కడ రాడ్డు నెమ్మదిస్తుందో, ఎక్కడ నడుం వంకర పోతుందో, అక్కడ ఆగాలి. ఆ రోజుకి అదే బరువు. కొందరికి అది ఖాళీ రాడ్డే అవుతుంది. తలపైకెత్తే ప్రెస్‌లో అదీ బరువే అనిపిస్తే డంబెల్స్ ఉండనే ఉన్నాయి. నేల మీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్‌కి ఒక్కదానికి మాత్రం ఖాళీ రాడ్డు పనికిరాదు. 45 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పెద్ద ప్లేట్లు తగిలిస్తేనే రాడ్డు పిక్కల ఎత్తుకి వస్తుంది. లేదంటే కింద పడ్డ చిల్లర ఏరుకుంటున్నట్టు వంగాలి. అందుకే రాడ్డు చివర్ల కింద ఎత్తు పెట్టుకుంటారు.

"మా శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది తెలుసా?" అన్నాడు వ్యాసకర్త, ఖాళీ రాడ్డు అవమానాన్ని దిగమింగుతూ.

"ఒక్కసారికి కాదు సార్. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. పోటీల్లో వార్మప్ గదికెళ్లి చూడండి, అంత పెద్దవాళ్లూ ముందు ఎత్తేది ఖాళీ రాడ్డే."

అంకుల్ సార్ అయినందుకు మనసు కాస్త కుదుటపడింది. ఆ రాత్రి కాగితం తీశాడు. వారానికి మూడు రోజులు, రోజుకి 2.5 కిలోల చొప్పున పెంచితే ఎనిమిది వారాల్లో 60 కిలోలు. ఖాళీ రాడ్డు 80 అయి కూర్చుంటుంది! మోకాళ్లు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదనుకోండి.

2.5 పెంచాలంటే అటూ ఇటూ 1.25 కిలోల బుల్లి ప్లేట్లు కావాలి. జిమ్‌లో వెతగ్గా ఒకటి డంబెల్స్ వెనక దొరికింది. రెండోది హాజరు రిజిస్టర్ ఫ్యాన్ గాలికి ఎగరకుండా దాని మీద కూర్చుని ఉంది.

ఆదివారం బియ్యం బస్తా వచ్చింది. వ్యాసకర్త చేతులు మడుచుకుని మెట్లు దిగాడు.

"ఏమండీ, నిన్న మీరెత్తింది ఎంత?" పైనుంచి ఆవిడ కేక.

"ఇరవై రెండున్నర."

"ఉండండి, వాచ్‌మన్‌ని పిలుస్తా."