సత్తెనపల్లి నియోజకవర్గం – ఒక అధ్యయనం

పీహెచ్‌డీ టైటిల్ చివర ‘ఒక అధ్యయనం’ అనే ముక్క లేకపోతే కాగితం వెనక్కొస్తుందని రీసెర్చ్ స్కాలర్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. నా టైటిల్ ‘ఎన్నికల సమాచార ప్రసారంలో అభిప్రాయ నేతల పాత్ర – సత్తెనపల్లి అసెంబ్లీ నియోజకవర్గం – ఒక అధ్యయనం’. మా నాన్న చివరిదాకా ఓపిగ్గా విని, “అంటే ఎవరు గెలుస్తారో చెబుతావా?” అన్నాడు. కాదు, జనం ఎవరి మాట విని ఓటేస్తారో కనుక్కుంటానన్నాను. “దానికి యూజీసీ వాళ్లు ఆరేళ్లు గడువిచ్చారా! తాలూకా సెంటర్‌కు పోయి టీ చెప్పు. చల్లారేలోపు తెలుస్తుంది” అన్నాడు.

మా నాన్న మాట థీసిస్‌లో పెట్టడానికి లేదు, ఆయన పుస్తకమేదీ అచ్చేయలేదు. అందుకని అచ్చేసినాయన దగ్గరికి పోవాల్సి వచ్చింది. ఆయన పేరు పాల్ లాజర్స్‌ఫెల్డ్. 1940 అమెరికా అధ్యక్ష ఎన్నికప్పుడు తన బృందంతో ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో దిగి, 600 మందిని ఎంచుకుని, మే నుంచి నవంబరు దాకా వాళ్లనే మళ్లీ మళ్లీ అడిగించాడు. పత్రికల్లో, రేడియోలో వచ్చే మాటలు నేరుగా జనం చెవిన పడటం లేదు, ముందు ఊళ్లో నలుగురు వింటారు, మిగతావాళ్లు ఆ నలుగురి నోట వింటారు అని తేల్చాడు. 1944లో పుస్తకం వేశాడు. ఆ నలుగురే అభిప్రాయ నేతలు. తర్వాత ఎలిహు కాట్జ్‌తో కలిసి 1955లో ఇంకో పుస్తకం వేశాడు. నేతల్ని పట్టే ఉపాయం కూడా చెప్పాడు. ‘ఈమధ్య ఎవరైనా మిమ్మల్ని సలహా అడిగారా?’ అని అడగాలి. అడిగారంటే అతను నేత. లేదంటే అనుచరుడు.

అదే మనిషి అవే ప్రశ్నలకు ఏడు నెలలపాటు జవాబు చెప్పాడంటే ఈరీ కౌంటీలో చేలకు పురుగు పట్టదనుకోవాలి. మా వైపు రెండోసారి గుమ్మమెక్కితే, “మొన్న రాసుకుపోయావు గదా, ఇంకా పడలేదేం?” అంటారు. ఏం పడాలో వాళ్లూ చెప్పరు, నేనూ అడగను.

సరే, సత్తెనపల్లి మండలంలో ఒక ఊళ్లో, రావిచెట్టు కింద అరుగు మీదున్న ఒకాయనతో మొదలుపెట్టాను. ఈమధ్య ఎవరైనా మిమ్మల్ని సలహా అడిగారా?

“ఒకరా ఇద్దరా! నన్నడక్కుండా ఈ ఊళ్లో ఎవడూ విత్తనం కూడా కొనడు.”

పక్కనున్న ఆయన్ని అడిగాను. ఆయన మొదటాయన వైపు జాలిగా చూసి, “ఆయనకు సలహా చెప్పేది నేనేలే” అన్నాడు. మూడో ఆయన ఈ ఇద్దరికీ ఎన్నికలప్పుడు తనేం చెప్పాడో వివరంగా రాసుకోమన్నాడు. పొద్దు గుంకేసరికి ఊరినిండా అభిప్రాయ నేతలు తేలారు, అనుచరుడు ఒక్కడు దొరకలేదు. దూరంగా గేదెల్ని తోలుకుపోతున్న కుర్రాడిని ఆశగా పిలిస్తే, వాడు వాట్సాప్‌లో తను అడ్మిన్‌గా ఉన్న గ్రూపులు చూపించాడు.

2014లో ఇక్కడ కోడెల శివప్రసాదరావు గెలిచింది 924 ఓట్ల తేడాతో. ఈ అంకెను సత్తెనపల్లిలో ఎవరూ పుస్తకం చూసి చెప్పక్కర్లేదు. ఆ 924 మా బజారువే అన్నవాళ్లున్నారు. మా ముగ్గురు బావమరుదుల ఇళ్లవే అన్నవాళ్లున్నారు. ఓడిన వైపూ ఇదే ధీమా, ఆ రోజు మా వాళ్లు పెళ్లికి పోకుండా ఉంటేనా అని. అందరి లెక్కలూ కూడితే నియోజకవర్గం ఓటర్ల జాబితా చాలదు. రాజకీయశాస్త్రంలో సాధారణ ఓటరుకు తన ఓటు విలువ తెలియదని బోలెడు వ్యాసాలున్నాయి. రాసినవాళ్లు ఒక్కసారి ఇటు వచ్చి ఉండాల్సింది.

ఇంతకీ నన్ను ఎవరనుకుని ఇవన్నీ చెబుతున్నారన్నది అసలు ప్రశ్న. మా చుట్టుపక్కల ఊళ్లలోకి ఫైలు పట్టుకుని వచ్చేవాళ్లు నాలుగు రకాలు. బ్యాంకు అప్పు కోసం వచ్చేవాడు, పార్టీ సర్వేకు వచ్చేవాడు, పంట నష్టం రాసేవాడు, రేషన్ కార్డు తీసేసేవాడు. ఐదో రకం ఒకడున్నాడు, వాడు ఏమీ ఇవ్వడు, ఏమీ పట్టుకుపోడు, ఊరికే రాసుకుంటాడు అని చెబితే నమ్మే మనిషి పల్నాడులో ఇంకా పుట్టలేదు.

ఎకరాలెన్ని అన్న ప్రశ్నకు జవాబు నేనెవరన్న అనుమానాన్ని బట్టి వచ్చేది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చిపెట్టింది కదా, దాని నష్టం రాయడానికి వచ్చాననుకున్న ఇంట్లో కౌలుతో కలిపి పదిహేనెకరాలు. కార్డు మనిషిననుకున్న ఇంట్లో మాగాణి మూడెకరాలకు లోపే, మెట్ట పదెకరాలకు లోపే ఆగిపోయేది. పథకాలకు హద్దు అక్కడే ఉంది మరి. ఆదాయానికి పల్లెల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు హద్దు. ఆ హద్దు దాటిన మనిషి నాకు ఏ పల్లెలోనూ ఎదురుపడలేదు. గడపలో ట్రాక్టరు, ట్రాక్టరు పక్కన బుల్లెట్టు, జవాబు మాత్రం “తొమ్మిదిన్నర వేసుకోవయ్యా”. నవ్వుదామంటే మా ఇంట్లోనే నోరు మూతపడింది. సచివాలయం నుంచి వచ్చిన అమ్మాయితో మా అమ్మ, “మావాడా? ఇంకా చదువుకుంటున్నాడమ్మా, సంపాదనెక్కడిది” అంది. యూజీసీ వాళ్లు జేఆర్‌ఎఫ్‌ ఫెలోషిప్పును నెలకు 37 వేలకు పెంచారని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది కూడా ఆవిడే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 18వ శతాబ్దం చివర్లో కాలిన్ మెకంజీ అనే సర్వే దొర అమరావతి దిబ్బ చూడ్డానికి ఇటొచ్చాడు. ఆయన కొలువులో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అని అన్నదమ్ములుండేవాళ్లు. కరణాలను అడిగి, దండకవిలెలు తిరగేసి, ఊరూరి చరిత్రలు, అంటే కైఫియత్తులు, పోగుచేసే పని ఆ కొలువుది. తెలుగునాట ఫీల్డ్‌వర్క్‌కు ఆద్యులు వాళ్లేనని నా లెక్క, ఫెలోషిప్పు ఎంతో తెలియదు గానీ. గుంటూరు సీమ కైఫియత్తులు ఇప్పటికీ అచ్చులో దొరుకుతాయి. ఏ రాజు ఎవరికెంత మాన్యమిచ్చాడో శ్రద్ధగా రాసి ఉంటుంది. కుంఫిణీ మనిషి కలం పట్టుకుని వచ్చి, మీ ఊరి మాన్యాల సంగతేమిటని అడిగితే కరణం గారు ఎంత ఆలోచించి నోరు తెరిచి ఉంటారో, తొమ్మిదిన్నర వేల జవాబులు రాసీ రాసీ నాకు బోధపడింది. ఇప్పుడు కైఫియత్తు చదివితే ముందు కరణం మొహమే కనబడుతుంది.

స్థానికుణ్ని కాబట్టి నాకు నిజాలు చెబుతారని సినాప్సిస్‌లో గొప్పగా రాసుకున్నాను. రాబర్ట్ వేడ్ అనే ఆయన న్యూజిలాండ్ మనిషి. ఆయన మన రాష్ట్రంలో కాలువల మీద పరిశోధన చేసి, నీళ్ల దగ్గర లంచాలు ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు ఎక్కుతాయో, బదిలీలకు ధరలెలా పలుకుతాయో 1982లో ఒక వ్యాసం రాశాడు. ఇంజనీర్లే నోరు విప్పి చెప్పారు ఆయనకు. నేను తూము దగ్గర ఒక లస్కర్ని ‘నీళ్లు సరిగ్గా వస్తున్నాయా?’ అని అడిగితే, ముందు మా ఇంటిపేరు అడిగాడు. ఇంటిపేరు చెప్పాక ఏ బజారన్నాడు. బజారు చెప్పాక, “ఓహో, ఫలానా వాళ్ల మనవడివా” అన్నాడు. అంతటితో అతనికి నా కులం, మా తాత వేసిన ఓటు, మా బాబాయి ఎవరి జీపులో తిరిగిందీ, నాకు ఏ జవాబు నచ్చుతుందీ అన్నీ తెలిసిపోయాయి. ఆ నచ్చే జవాబే చెప్పాడు. వెళ్లిపోయేవాడికి నిజం చెప్పినా నష్టం లేదు, రేపు మళ్లీ కనబడేవాడితో జాగ్రత్తగా ఉండాలి. ఇది ఏ మెథడాలజీ పుస్తకంలో ఉందో గానీ లస్కర్‌కు మాత్రం కంఠతా వచ్చు.

మధ్యలో నా జిల్లా పోయింది. మన థీసిసుల్లో రెండో అధ్యాయం ‘జిల్లా ముఖచిత్రం’. అక్షాంశాలు, రేఖాంశాలు, వర్షపాతం, పశుసంపద. ఎవరూ చదవరు, లేకపోతే ఎవరూ ఊరుకోరు. గుంటూరు జిల్లా ముఖచిత్రం ముచ్చటగా రాసి బైండింగ్ చేయించి పెట్టుకున్నాను. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. తెల్లారేసరికి నా జిల్లాకు సముద్రం లేదు, అది బాపట్లతో పోయింది. మిర్చి యార్డు లేదు, అది గుంటూరుతో ఉండిపోయింది. నాకు మిగిలింది పల్నాడు జిల్లా, నరసరావుపేట కలెక్టరేటు, 28 మండలాలు. సత్తెనపల్లి కొత్తగా రెవెన్యూ డివిజన్ అయింది, దానికి మా వాళ్లు సంబరపడ్డారు. జనాభా రాద్దామంటే 2011 తర్వాత లెక్కే లేదు. పాత జిల్లా పుస్తకంలోంచి ఒక్కో మండలాన్నీ ఏరి కూడుకోవడమే. ఇదంతా సర్దుకునేసరికి 2024 ఎన్నికలు వచ్చాయి. 175లో 151 సీట్ల పార్టీ మీద రాసుకున్న అధ్యాయం జూన్ 4 మధ్యాహ్నానికి 11 సీట్ల పార్టీ మీద రాసిన అధ్యాయమైంది. ‘ప్రస్తుత ప్రభుత్వం’ అన్న చోటల్లా ‘గత ప్రభుత్వం’ అని దిద్దుకుంటూ కూర్చున్నాను. మా గైడ్ కళ్లద్దాలు తుడుచుకుంటూ, “ఇంకో రెండేళ్లు ఆగితే హిస్టరీ డిపార్ట్‌మెంట్‌లో సబ్మిట్ చేయొచ్చు” అన్నారు.

ఇక లైకర్ట్ స్కేలు. 1932లో రెన్సిస్ లైకర్ట్ కనిపెట్టాడు. ఒక వాక్యం చదివి, గట్టిగా ఒప్పుకుంటారా, ఒప్పుకుంటారా, ఏదీ చెప్పలేరా, ఒప్పుకోరా, బొత్తిగా ఒప్పుకోరా అని అడగాలి. దీన్ని పట్టుకుని ఫిబ్రవరి ఎండలో ఒక మిరప కళ్లానికి పోయాను. కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆడవాళ్లు ముక్కులకు కొంగులు కట్టుకుని తాలు ఏరుతున్నారు. నేను రెండుసార్లు తుమ్మి, ఒక పెద్దావిడ ముందు గొంతుక్కూచుని, ‘నాయకులు నాలాంటివారి అభిప్రాయాలను పట్టించుకుంటారు’ అన్న వాక్యం చదివి ఐదు జవాబులూ వినిపించాను.

ఆవిడ చేతులు ఆగలేదు. “మంచి కాయ ఈ కుప్పలో, తాలు ఆ కుప్పలో. నీకు ఐదు కుప్పలెందుకు నాయనా?” అంది.

మధ్యలో ఉండేవాళ్లు ఉంటారు కదమ్మా అన్నాను.

“మచ్చ కాయా? రేటు బాగుంటే ఇటు, లేకపోతే అటు.”

అరవైల నుంచి అమెరికాలో తటస్థ ఓటరు మీద అచ్చయిన పుస్తకాలు బీరువాలు నింపుతాయి. ఇంత పొట్టిగా చెప్పినవాళ్లు నాకు వాటిలో తగల్లేదు. ఫారంలో రాసుకుందామంటే గళ్లు ఐదే, ఆరోది లేదు. “నీకేది బాగుంటే అది కొట్టుకో, ఎండన పడి వచ్చావు” అని ఆవిడే నా ఇబ్బంది తీర్చింది.

వాళ్లందరూ జవాబు చెప్పేముందు ఒకరి వైపు చూస్తున్నారని అప్పుడు గమనించాను. చెట్టు కింద సెల్‌లో మాట్లాడుతున్న ముఠా మేస్త్రి. ఆవిడా కూలికొచ్చిన మనిషే. ఎవరి చేనుకు ఎవరు పోవాలి, ఆటో ఎన్నింటికి, కూలి ఎంత, కోతల మధ్యలో అడ్వాన్సు ఎవరికివ్వాలి, అన్నీ ఆవిడ నోటిమాట మీదే నడుస్తాయి. ఈమధ్య ఎవరైనా మిమ్మల్ని సలహా అడిగారా అని అడిగాను. “నన్నెవరడుగుతారు బాబూ, కూలిదాన్ని” అంది. లాజర్స్‌ఫెల్డ్ లెక్కలో ఆవిడ అనుచరురాలు. నియోజకవర్గం మొత్తమ్మీద నాకు దొరికిన ఒకే ఒక అనుచరురాలు ఆవిడే. ఆవిడ చేయి ఊపితే పాతిక మంది లేచి ఆటో ఎక్కారు.

ఆదర్శ నాయకుడెవరన్న ప్రశ్నకు మాత్రం గొడవ లేకుండా అంతా ఒకే పేరు చెప్పారు, వావిలాల గోపాలకృష్ణయ్య గారు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే, పద్మభూషణ్, ఖద్దరు మనిషి. 2003లో ఆయన పోయాక పుట్టిన పిల్లలు కూడా ఆయన పేరే చెప్పారు. నేను ఉబ్బితబ్బిబ్బై, ఫారంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను. అలాంటాయన ఇప్పుడు నిలబడితే ఓటేస్తారా? “డిపాజిట్ రాదు” అన్నారు. దీన్లోనూ గొడవ లేదు.

జవాబులన్నీ కంప్యూటర్లో పోశాను. క్రాన్‌బాక్ ఆల్ఫా అని ఒక అంకె వస్తుంది. 0.7 దాటితే జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నట్టు. నాది దాని దరిదాపుల్లో లేదు. ఒకే మనిషి మూడో ప్రశ్నలో నాయకులంతా దొంగలన్నాడు, ఏడో ప్రశ్నలో మా నాయకుడు దేవుడన్నాడు. కంప్యూటర్ దీన్ని తప్పంటుంది. తాలూకా సెంటర్లో ఎవరినైనా అడగండి, ఇందులో తప్పేముందంటారు.

దిగాలుగా టీ కొట్టు దగ్గర కూర్చుంటే మా బజారు కుర్రాడొకడు పక్కన చేరాడు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు, ఎన్నికలప్పుడు సర్వే కంపెనీలకు పనిచేస్తాడు. ఇళ్లకు పోడు. వేపచెట్టు కింద బండి స్టాండేసి, ఫారాలన్నీ తనే నింపేస్తాడు. కిందటిసారి వాడు నింపిన ఊరి లెక్క ఫలితాలకు దగ్గరగా వచ్చిందని కంపెనీ వాళ్లు మెచ్చుకుని బిర్యానీ కూడా పెట్టించారట. ఎలారా అంటే, “అందరూ నాకు తెలిసినోళ్లే గదన్నా. అడిగితేనే అబద్ధాలు చెబుతారు” అన్నాడు.

నా ఫారాల కట్ట తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఐదు గళ్లున్నయ్యిగా, కొంచెం పని ఎక్కువ. ఫారానికి ఇరవై తీసుకుంటా. నువ్వు మనూరోడివి, పదిహేనివ్వు. రేపు సాయంత్రానికి ఇచ్చేస్తా. ఆ ఆల్ఫా ఏదో అన్నావే, ఎంత రావాలో ఇప్పుడే చెప్పు.”