ఋతువులను కొలుచు గాజుగొట్టము

1928వ సంవత్సరమున అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు క్లెవెంజర్, మొక్కలలోని సుగంధతైలమును కొలుచుటకు ఒక గాజు పరికరమును కల్పించి లోకమునకు వెల్లడించెను. నాటినుండి నేటివరకు ఔషధశాస్త్ర ప్రయోగశాలలలో ఆయన పేరనే వ్యవహరింపబడుచున్న ఆ పరికర కుటుంబమునకు చెందినదానను నేను. తెలుగునాట ఒక ఫార్మసీ కళాశాలలో, కిటికీ ప్రక్కనున్న బల్లపై, ఇనుపస్టాండుకు బిగింపబడి నా జీవితము గడచుచున్నది.

నా పని వినుటకు స్వల్పము, చూచుటకు మిక్కిలి రమ్యము. తూచిన ఆకును నీటితో కూడ గుండ్రని ఫ్లాస్కులో పోసి మరిగించినంతట, ఆకుపైని పలుచని పొరచాటున తైలమును దాచుకొన్న సూక్ష్మగ్రంథులు పగిలి, ఆవిరితో కలిసి ఆ పరిమళము నా ప్రక్కగొట్టమున పైకెక్కును. విడిగా కాచినచో సుమారు 198 డిగ్రీల వేడిమి తగిలినగాని మరుగని లినలూల్ వంటి ద్రవ్యము, నీటియావిరి తోడు దొరికినంతనే 100 డిగ్రీలకు లోబడియే బయలుదేరి వచ్చుట ప్రకృతిలోని చక్కని సౌకర్యములలో నొకటి. చల్లని కండెన్సర్ గోడకు తగిలి ఆ యావిరి బొట్లుబొట్లుగా నా మెడలోనికి జారును. నీరు అడుగున నిలువ, లేత పసుపువన్నె తైలము దానిపై తేలును. మిగులునీరు వాలుగొట్టము వెంట మరల ఫ్లాస్కునకే చేరును గనుక గంటలకొలది కాచినను నీటికి కొరత యుండదు. లవంగతైలమువలె నీటికంటె బరువైనవానికై నా జ్ఞాతులలో వేరు రూపము గలవారున్నారు.

నా యొద్దకు తరచుగా వచ్చునది రుద్రజడ. వేసవిలో జనులు పానకములలో నానవేసికొను సబ్జాగింజలు ఈ మొక్కవే. ఒకే మడిలో, ఒకే విత్తనమునుండి మొలచినవైనను, మాసము మారినకొలది నా మెడపై తైలము నిలుచు గీత మారుచుండుట నే నెఱుగుదును. పాకిస్తానమందలి ఫైసలాబాదులో పరిశోధకులు నాలుగు ఋతువులలోను ఈ ఆకును కోసి కాచి, 2008లో తమ ఫలితములను ప్రకటించిరి: శీతకాలమున నూటికి 0.8 వంతు తైలము లభించినది, వేసవిలో 0.5 మాత్రమే. అయినను ఆ తైలములో ముఖ్యద్రవ్యమగు లినలూల్ పాలు ఏడాది పొడవునను నూటికి 56.7కును 60.6కును నడుమనే నిలిచినది. ఎండకాలమున తేలిక ద్రవ్యములు ఆకునుండి ఆవిరియై పోవుట, ఆకు వయస్సు, పూత, నీటి యెద్దడి, రాత్రుల చలి, ఇవన్నియు ఈ హెచ్చుతగ్గులలో పాలుపంచుకొనును. మొక్క ఈ తైలమును మనుష్యుల రోగములకై వండుటలేదు గదా! పురుగులను తరుముటకును, తన్ను తాను కాపాడుకొనుటకును అది చేసికొను ఏర్పాటు ఆయా కాలపు అవసరములను బట్టియే సాగును.

ఇక్కడ నా శక్తికి ఒక హద్దు కలదు. ఎంత తైలమున్నదో నా గీతలు చెప్పగలవు, అందేమున్నదో చెప్పజాలవు. పెప్పర్‌మెంట్ విషయమున ఈ కొరత నాకు బాగుగా తెలిసివచ్చును. దాని లేత ఆకులో మెంథోన్ మెండు. ఆకు ముదిరినకొలది అదియే మెంథాల్‌గా మారును. పగళ్లు కురుచయై రాత్రులు వెచ్చగా నుండు కాలమున పులెగోన్, మెంథోఫ్యురాన్ అను అవాంఛిత ద్రవ్యములు పేరుకొనును. రెండు తైలములును నాలో ఒకే గీతను తాకవచ్చును, కాని వైద్యునికి అవి రెండును ఒకటి కావు. ఉత్తరప్రదేశమందలి బారాబంకీ రైతులు వానలు ముంచుకొని రాకమునుపే మెంథాల్ పుదీనాను కోసి బట్టీకి చేర్చుటకు ఆత్రపడుట ఊరక కాదు.

మొక్కలో ఏ భాగమును ఏ ఋతువున కోయవలెనను దానిని గూర్చి చరకసంహిత కల్పస్థానమున విధి యున్నది. లేత కొమ్మలును ఆకులును వర్ష వసంతములలోను, వేళ్లు గ్రీష్మమునగాని శిశిరమునగాని, బెరడు, దుంప, పాలు శరత్తునను, చేవ హేమంతమునను గ్రహింపుమని ఆ గ్రంథము విధించుచున్నది. గాజుగొట్టము గాని గీతలు గాని లేని కాలమున, మందునకు మాసము కూడ ఒక దినుసని గుర్తించిన ఆ దృష్టికి నేను తల వంచుదును. అయినను రుద్రజడ లెక్క ఆ సామాన్యవిధికి పూర్తిగా ఒదుగుటలేదు. ఏ మొక్కకు ఆ మొక్కను, ఏ నేలకు ఆ నేలను వేరువేరుగా కాచి చూడవలసినదే యని నా యభిప్రాయము.

అంగళ్లలో అమ్ముడుపోవు ఆకుపొడుములపై మొక్కపేరు ముద్రింపబడియుండును, కోసిన మాసము తఱచు కానరాదు. నాకు మిక్కిలి బాధ గొలుపు లోపమిది. మా ప్రయోగశాలలోని అధ్యాపకురాలు మాత్రము, ఏ మాసమున, ఏ వేళ, పూతకు ముందో పిదపనో, ఎండలోనో నీడలోనో కోసిరను సంగతి చీటీపై వ్రాసినగాని విద్యార్థులను ఫ్లాస్కు ముట్టనీయదు. తైలమును ముదురు గాజుసీసాలో పోసి, అందలి ద్రవ్యములను వేరుపరచి చూపు గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రము చెంతకు పంపునపుడు ఆ చీటీనే దానికి అంటించును.