గంట కొలువు

"డిగ్రీ అయి మూడేళ్లయింది, మావాడింకా ఖాళీయేనండీ!" సర్వేకు వచ్చినాయన ముందు వాపోయాడో తండ్రి.

"గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంటైనా పనిచేశాడా?"

"మొన్న మా కొట్లోనే కాసేపు పొట్లాలు కట్టాడు. జీతమా పాడా!"

"ఇంకేం, వారపు లెక్కలో పనిలో ఉన్నట్టే. జీతం లేకుంటే ఇంటి వ్యాపారంలో సహాయకుడని రాస్తాం."

"పక్కింటి కుర్రాడు విసిగిపోయి వెతకడం మానేశాడు. పనిస్తామన్నా రానంటున్నాడు. మరి వాడో?"

"శ్రామిక శక్తిలోనే లేడు. ఇక నిరుద్యోగి ఎలా అవుతాడు?"

2017లో మొదలైన ఈ కేంద్ర సర్వే, 2025 నుంచి నెలనెలా నిరుద్యోగ రేటు చెబుతోంది. కుర్రాళ్లు నెలనెలా ఎదురుచూస్తున్నది జీతం కోసం; ఠంచనుగా వస్తున్నది మాత్రం శాతం!