యాక్సిల్‌రాయుడు

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఈమధ్య ఒక కొత్తరకం మనిషి తయారయ్యాడు. వాడుక కోసం యాక్సిల్‌రాయుడు అందాం. వయసు నలభై దాటింది. చేతిలో నెలజీతమో, పలాసలో జీడిపప్పు వ్యాపారమో ఉంది. ఇంటిముందు ఫోర్ బై ఫోర్ జీపు, నోట్లో ఒకటే ప్రశ్న: ముందు యాక్సిల్ మార్చాలా, వద్దా? వానలెలా ఉన్నాయని పలకరించినా సంభాషణను అక్కడికే తోలుకొస్తాడు. వానంటే బురద, బురదంటే దిగబడిన చక్రం, చక్రమంటే యాక్సిల్. పెళ్లి పంక్తిలో అతని పక్కన కూర్చున్నవాడికి పులుసు వడ్డించేలోగా డిఫరెన్షియల్ వడ్డన పూర్తవుతుంది. ఇతన్ని చూసి నవ్వే బంధువులు "మార్చీయ్ బావా, ఓ పనైపోద్ది" అని సలహా ఇస్తుంటారు. అది అతనికి చేయగల అపకారాల్లోకెల్లా పెద్దది. అతనికి కావలసింది యాక్సిల్ కాదు, యాక్సిల్ గురించిన సందేహం. ఆ సందేహాన్ని తీర్చకూడదన్నదే నా వాదన.

అలాగని అతని ప్రశ్నలో పస లేదనలేం. 2010లో మహీంద్రా థార్ వచ్చినప్పుడు అందులోనే రెండు మతాలుండేవి. చవకైన డీఐ బండికి ముందు కమాన్ పట్టీల మీద గట్టి గొట్టం యాక్సిల్. ఖరీదైన సీఆర్‌డీఈకి ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడే సస్పెన్షన్. 2020 అక్టోబరు 2న దిగిన కొత్త థార్ ముందువైపు పూర్తిగా రెండో మతం పుచ్చుకుంది. ఆ బండి కొన్న రాయుడు ఎలాగో సర్దుకున్నాడు. ఇంతలో 2023లో మారుతి జిమ్నీ ముందూ వెనకా గట్టి యాక్సిళ్లతో వచ్చింది. అంత చిన్నబండికి ఉన్నది తన బండికి లేదన్న బాధ అప్పుడు మొదలైంది. శాస్త్రం కూడా కొంతవరకు అతని పక్షమే. గట్టి యాక్సిల్ ఉన్న బండిలో ఒక చక్రం రాయెక్కితే రెండోది కిందికి నొక్కుకుని నేలను పట్టుకుంటుంది. డిఫరెన్షియల్ కింద ఖాళీ అంతగా తగ్గదు. విడి సస్పెన్షన్‌లో చక్రాలు పైకి ముడుచుకున్నకొద్దీ బండి అడుగుభాగం నేలకు దగ్గరవుతుంది. కాబట్టి బండరాళ్ల మీద పాకడానికి పాత పద్ధతి మేలు. తారురోడ్డు మీద కుదుపుల్లేకుండా వేగంగా పోవడానికి కొత్తది మేలు. ఇంతవరకు తగువు లేదు. తగువల్లా రాయుడి బండి ఎక్కడ పాకుతోందన్నదే.

విజయనగరంలో అది కోట దగ్గర్నుంచి గంటస్తంభం దాకా పాకుతుంది. శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలి చుట్టూ, ఆదివారం అరసవల్లి రద్దీలో పాకుతుంది. గోతులు లేవని ఎవరూ అనరు; కాని అవి స్కూటీలు దాటుతున్న గోతులే. "మన జిల్లాల్లో కొండల్లేవేటి?" అంటాడు రాయుడు. ఉన్నాయి, కాని వాటి సాక్ష్యం అతనికే ఎదురు తిరుగుతుంది. సాలూరు దాటాక సుంకి వైపు ఘాట్‌లో, ఒకప్పటి 43, ఇప్పటి 26 నంబరు జాతీయ రహదారి మీద, లారీలు వెనక చక్రాల బలంతోనే ఎక్కి దిగుతున్నాయి. ఏజెన్సీ సంతలకు మనుషుల్నీ, పనసకాయల్నీ, కోళ్లనీ కిక్కిరిసి మోసిన కమాండర్ జీపుల్లో చాలావాటి ముందు చక్రాలకు ఇంజను శక్తే అందదు. వంశధార ఇసుకలో బరువు లాగే మామూలు ట్రాక్టరు ముందు యాక్సిల్ మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతూ దారి చూపుతుంది తప్ప లాగే పని దానిది కాదు. ఇక నిజంగానే దారి లేని గిరిజన గూడేలున్నాయి. అక్కడ రోగిని డోలీలో మనుషులే మోస్తారు. ఆ గూడేనికి రావలసింది రోడ్డు. రాయుడి సస్పెన్షన్ ఎంత గొప్పదైనా ఆ లోటు తీర్చదు.

పోనీ, ముందున్న విడి సస్పెన్షన్ తీసి గట్టి యాక్సిల్ వేయించాడనే అనుకుందాం. యాక్సిల్ ఒంటరిగా కాపురానికి రాదు. దాని క్రౌన్ పినియన్ లెక్క వెనక యాక్సిల్ లెక్కతో కలవాలి. కలవకుండా ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలొక వేగం, వెనక చక్రాలొక వేగం అంటాయి. మధ్యలో నలిగేది ట్రాన్స్‌ఫర్ కేసు. డిఫరెన్షియల్ గుండు ముందు షాఫ్టు వచ్చే వైపే ఉండాలి. క్యాస్టర్ కోణం తప్పితే వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. టై రాడ్లు, బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ సెన్సర్లు అన్నీ కొత్త కాపురానికి సర్దుకోవాలి. లారీలకు పేరుపడ్డ సాలూరులో ముదురు మెకానిక్ ఎవరైనా ఈ పథకమంతా ఓపిగ్గా విని, బండి కింద ఒకసారి తొంగిచూసి అనే మాట ఒకటే: "ముందల బుష్షులు మార్చీయండి బాబూ. యాక్సిలు సంగతి తర్వాత సూద్దాం." చట్టం అంత మృదువుగా చెప్పదు. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది; 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. రాయుడికి ఈ సెక్షన్లన్నీ కంఠతా వచ్చు. సందేహాన్ని బతికించేది ఏదైనా అతను శ్రద్ధగానే చదువుతాడు.

తన డబ్బు తన ఇష్టం, బంగారం కొనేవాణ్ణి అడగనివాళ్లు ఇతన్నెందుకు అడగాలి అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన మాటే. సరదాకు అవసరం చూపనక్కర్లేదు. కాని సరదా ఎక్కడుందో సరిగ్గా చూడాలి. యాక్సిల్ మార్చనంత కాలం అతని బండికి హద్దుల్లేవు. "అదొక్కటి పడితే కోడి రామ్మూర్తినాయుడొచ్చినా ఆపలేడు" అంటాడు. గొలుసులతో రెండు కార్లను కదలకుండా పట్టేవాడని చెప్పుకునే ఆ వీరఘట్టం మల్లుడు 1942లోనే పోయాడు కనుక పందేనికి వచ్చే ప్రమాదం లేదు. యాక్సిల్ పడిన మర్నాడు మాత్రం కొండ ఎక్కి చూపించమని ఊరు అడుగుతుంది. ఎక్కకపోతే తప్పు యాక్సిల్‌ది కాదు, తోలినవాడిది అని తేలిపోతుంది. ఎక్కినా ఊరట లేదు. ముందు భాగం బలపడితే బలహీనత వెనక యాక్సిల్‌కో, షాఫ్టుకో, గేర్‌బాక్సుకో మకాం మారుస్తుంది తప్ప బండి విడిచిపోదు. ఒక్క సందేహంతో హాయిగా బతుకుతున్నవాడికి నాలుగు సందేహాలు, నాలుగు బిల్లులు చేతికొస్తాయి.

కనుక తీర్పు ఇది. రాయుడు బుష్షులు మార్చాలి. మంచి టైర్లు వేయించాలి. ఇసుకలో దిగేముందు వాటి గాలి తగ్గించడం, బయటికొచ్చాక తిరిగి నింపడం నేర్చుకోవాలి. ఒక గట్టి లాగుడు తాడు, లాగడానికి ఇంకో బండి ఉన్న స్నేహితుడు, ఈ రెండూ దగ్గరుంచుకోవాలి. అతను వెళ్లగల చోట్లన్నిటికీ ఇవి చాలు. యాక్సిల్ మాత్రం వచ్చే సంక్రాంతి వెళ్లాక చూడాలి, ఆ తర్వాత సంక్రాంతి వచ్చేదాకా ఆలోచించాలి. బంధువులు చేయవలసిన సాయం కూడా ఉంది: కలిసినప్పుడల్లా "ఏటి బావా, యాక్సిల్ సంగతి ఏటైంది?" అని అడగడం. పైసా ఖర్చు లేకుండా ఒక మనిషిని సాహసికుడిగా నిలబెట్టే మార్గం నాకు తెలిసి ఇంకోటి లేదు.