బోర్డు మీద తెల్లమరక: వినకూడని సలహాలు

"ఇంకాస్త స్పిరిట్ పోసి గట్టిగా రుద్దు, అదే పోతుంది." సోల్డరింగ్ నేర్చుకునే కుర్రాడికి బెంచీ దగ్గర మొదట దొరికే సలహా ఇదే. నేనూ విన్నాను, అలాగే చేశాను. తడిగా ఉన్నంతసేపు బోర్డు అద్దంలా మెరిసింది. ఆరగానే అతుకుల చుట్టూ సున్నం పూసినట్టు తెల్లబడింది. మళ్లీ రుద్దితే మరక ఇంకా పాకింది.

రుద్దడంలో బలం చాలక కాదు. ఫ్లక్సులో ఎక్కువగా ఉండేది రోజిన్, పైన్ చెట్టు బంక నుంచి వచ్చే పదార్థం. రాగి మీది చిలుమును వదిలించడానికి అందులో కొన్ని ఆమ్లాలు కలుపుతారు. చల్లారాక రోజిన్ గాజుపొరలా గట్టిపడి ఆ ఆమ్లాలను తనలోనే బిగించి ఉంచుతుంది. స్పిరిట్ పడగానే ఆ పొర చెదురుతుంది. తర్వాత స్పిరిట్ ఒక్కటే గాలిలో కలిసిపోతుంది, అది కరిగించిందంతా బోర్డు మీదే పొడిగా మిగులుతుంది. కరిగించడం ఒక పని, కరిగినదాన్ని బోర్డు మీంచి దింపేయడం ఇంకో పని. మనం చాలాసార్లు మొదటిదానితోనే ఆగిపోతాం.

"డబ్బా మీద నో-క్లీన్ అనుంది, ఎలా తుడిచినా పర్లేదు." ఎక్కువ బోర్డులను పాడుచేసేది ఈ మాటేనని నా నమ్మకం. ఒకప్పుడు ఫ్యాక్టరీల్లో బోర్డులను సీఎఫ్‌సీ-113తో కడిగేవారు. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరాక ఆ ద్రావకాలను మానాల్సి వచ్చింది, కడగనక్కర్లేని ఫ్లక్సుల వాడకం బాగా పెరిగింది. అవి ముట్టుకోకుండా వదిలేయడానికి చేసినవి. వదిలేస్తే పూర్తిగా వదిలేయండి, కడిగితే పూర్తిగా కడగండి. సగం తుడిస్తే పొర పోతుంది, ఆమ్లం ఉంటుంది.

కాకినాడలో ఒక ఇంటి వాటర్ ట్యాంకు కంట్రోలర్‌ను నేనిలాగే సగం తుడిచి ఇచ్చాను. ట్యాంకు ఖాళీగా ఉన్నా తెల్లవారుజామున నిండిందనేది, ఎండెక్కితే సర్దుకునేది. సెన్సర్ లైనులో 1 మెగాఓమ్ రెసిస్టర్ ఉంది. ఆ తెల్లపొడి సముద్రపు గాలిలోని తేమను పీల్చి లైనుకూ గ్రౌండుకూ మధ్య అంతే విలువగల దారి వేస్తే చాలు, వోల్టేజీ సగానికి పడిపోతుంది. ఆ ఇంటి పెద్దావిడ నాలుగు రోజులు బిందెలతో మేడమీదికి నీళ్లు మోసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

"శానిటైజర్ కూడా స్పిరిటే కదా" అంటారు. చాలావాటిలో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి, కొత్త మరక మిగులుతుంది. "హాట్ ఎయిర్ కొట్టు, తెలుపు మాయమవుతుంది." కొన్నిసార్లు నిజంగానే మాయమవుతుంది, రోజిన్ మళ్లీ కరిగి పారదర్శకమవుతుంది కనుక. బోర్డు మాత్రం శుభ్రపడలేదు. "పైన వార్నిష్ కొట్టు." తేమ ఆ పూతలోంచి కూడా మెల్లగా లోపలికి చేరుతుంది, కింద పొడి ఉన్నచోట పూత బొబ్బలెక్కుతుంది. థిన్నర్ కనెక్టర్ల ప్లాస్టిక్‌ను తినేస్తుంది. పెట్రోలు జోలికి అసలు పోవద్దు.

నేనిప్పుడు చేసేది చెబుతాను. మరక మీద అదే రకం ఫ్లక్స్ పలచగా రాసి ఐరన్‌తో మళ్లీ వేడిచేస్తాను, మొండికేసిన పొడి అందులో కలిసిపోతుంది. ఐరన్ ఆపి, కిటికీ తెరిచి, బోర్డు గోరువెచ్చగా ఉండగానే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేస్తాను. అసలు పని ఆ తర్వాతే. ఆరకముందే బోర్డును ఏటవాలుగా పట్టుకుని, కొత్త ఆల్కహాల్ ధారగా పోసి, మురికిని కిందున్న నూగులేని గుడ్డలోకి దించేస్తాను. బ్రష్ ముంచిన గిన్నెలోది మళ్లీ వాడను. రిలేల్లోకీ బజర్లోకీ కారనివ్వను. నీటిలో కరిగే రకం ఫ్లక్సయితే ఈ పద్ధతి పనికిరాదు, దాన్ని వేడినీళ్లతోనే కడగాలి. అందుకే ముందు డబ్బా చదవండి.

అప్పటికీ తెలుపు పోకపోతే పుల్లతో మెల్లగా గీకి చూడండి. పొడిగా రాలితే అది లోహపు లవణం కావచ్చు, ఆల్కహాల్‌కు లొంగదు. నీళ్లలో కలిపే బోర్డు క్లీనర్‌తో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించి, బాగా ఆరబెట్టండి. పాత సీసం సోల్డరయితే చేతులు కడుక్కోండి. ఏమీ రాలకపోతే తెల్లబడింది బోర్డే, ఐరన్ వేడికి పైపూత దెబ్బతింది. ఇక రుద్దడం ఆపేయండి.