రెండో గ్లాసు ఫ్రీ, మొదటిది మీ ఖర్మ

కొత్త బీరు ఎంచుకోవాలనుకునేవాళ్లు ముందుగా చూడాల్సింది మెనూ కాదు, గడియారం. హ్యాపీ అవర్ ముగియడానికి ఇంకా గంట టైముందంటే మీలో రుచుల మీద కుతూహలం పుడుతుంది. టైము దాటిపోయిందా, పాత బీరును మించింది లేదని జ్ఞానోదయమవుతుంది. గచ్చిబౌలి, జూబ్లీహిల్స్‌లలో వన్ ప్లస్ వన్ బోర్డు ఉన్నంతసేపే మనవాళ్లకు ప్రయోగాలు చేయాలనిపిస్తుంది.

ఈ బోర్డు అన్నిచోట్లా చెల్లదు. ఐర్లాండ్‌లో 2003లో చట్టం తెచ్చి హ్యాపీ అవర్‌ను ఎత్తేశారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమైతే 1984లోనే వద్దంది. చవగ్గా పోస్తే జనం అతిగా తాగుతారని వాళ్ల భయం. మనకూ ఆ సంగతి తెలుసు, కానీ దాన్ని మనం ఆఫర్ అంటాం.

మెనూ చేతికొచ్చాక ఉర్దూలా కుడినుంచి ఎడమకు చదవండి. కుడివైపు రేటుంటుంది. అది కుదిరితేనే పేరు దాకా వెళ్లండి.

హెఫెవైజెన్ పలకడం రాకపోతే వేలు పెట్టి చూపించండి, వెయిటర్లకు అలవాటే. ఇది జర్మనీ గోధుమ బీరు. అరటిపండు వాసనా, కాస్త లవంగం ఘాటూ తగులుతాయి. ‘అరటిపండు ఎంత వేశారు తమ్ముడూ?’ అని మాత్రం అడక్కండి. ఎవరూ వేయలేదు. ఈస్టు పులిసేటప్పుడు పుట్టే వాసనలవి. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండరాదని బవేరియాలో 1516లో శాసనం చేశారు. ఆ లెక్కన గోధుమ బీరే నేరం. తర్వాత రాజవంశం వాళ్లు దాన్ని కాచే హక్కు తమ చేతిలో పెట్టుకుని బాగా సంపాదించారు. సర్కారుకూ మద్యానికీ ఉన్న చుట్టరికం మనతో మొదలైంది కాదు.

బెల్జియన్ విట్‌లో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. హోగార్డెన్ అనే ఊళ్లో ఆగిపోయిన ఈ బీరును 1960ల్లో పియర్ సెలిస్ అనే పాలాయన మళ్లీ కాచాడు. పాలు పోసే చేత్తో బీరు పోసినా బాగానే కుదిరింది. మన ఎండలకు మెనూలో నిజంగా పనికొచ్చే బీరు ఇదేనని నా అభిప్రాయం. కాబట్టి దీన్ని తెప్పించుకోకండి. బాగున్నదాన్ని తాగి బాగుందంటే టేబుల్ దగ్గర మీకు విలువేముంటుంది?

విలువ కావాలంటే ఐపీఏ చెప్పండి. ఇండియా పేల్ ఏల్ అన్న పేరు చూసి దేశభక్తి మాత్రం తెచ్చుకోవద్దు. అది కాచింది ఇంగ్లండ్‌లో, తాగింది ఇక్కడి కంపెనీ దొరలు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్‌లోని బౌ బ్రూవరీ నుంచి హాడ్జ్‌సన్ అనే ఆయన బీరును ఈస్టిండియా కంపెనీ ఓడలకెక్కించాడు. నెలల తరబడి సాగే ప్రయాణంలో చెడిపోకుండా ఇండియాకు పంపే బీర్లలో హాప్స్ దండిగా వేసేవాళ్లు. ఆ చేదు అక్కణ్నుంచే వచ్చింది. అయితే హాడ్జ్‌సన్ వ్యాపారం పెరగడానికి రుచి ఒక్కటే కారణం కాదు. ఆయన బ్రూవరీ ఓడలు ఆగే చోటికి దగ్గర, పైగా కెప్టెన్లకు నెలల తరబడి అరువిచ్చేవాడు. ఇప్పుడు అరువు పోయింది, చేదు మిగిలింది.

ఎంత చేదు తాగితే అంత తెలిసినవాడని ఆఫీసు బ్యాచ్‌లో గట్టి నమ్మకం. ఇంట్లో కాకరకాయ వేపుడు చూసి కంచం ముందు నుంచి లేచిపోయే మనిషి ఇక్కడ ‘ఐబీయూ ఎంత బాస్?’ అని అడుగుతాడు. ఐబీయూ అంటే చేదును కొలిచే అంకె. ఎంతని చెప్పినా తలాడించండి. మొదటి గుక్క దిగేటప్పుడు మొహం కదలకూడదు, కష్టమంతా అక్కడే. తర్వాత నాలుక మొద్దుబారి అదే సర్దుకుంటుంది.

స్టౌట్ నల్లగా ఉంటుంది. ఫొటోకు బాగుంటుంది. అంతకుమించి మీకు అక్కర్లేదు.

సోర్ బీరు కనబడితే వదలకండి. పొద్దెక్కి పులిసిన ఈత కల్లును ఊళ్లో ‘ఛీ, పుల్లగుంది’ అని లొట్టి పక్కకు నెట్టినవాళ్లు కూడా, అదే పులుపు కాడ ఉన్న గ్లాసులో వస్తే కళ్లు మూసుకుని ‘లేయర్స్ ఉన్నాయి మామా’ అంటారు. మీరూ అనండి.

బీరుతో పని జరగదనిపిస్తే కాక్‌టెయిళ్ల వైపు తిరగండి. లాంగ్ ఐలండ్ ఐస్‌డ్ టీలో టీ చుక్క కూడా ఉండదు. వోడ్కా, జిన్, రమ్, టెకీలా, ట్రిపుల్ సెక్, నిమ్మరసం, పైన రంగుకు కాస్త కోలా. ఇంటినుంచి ఫోనొస్తే ‘టీ తాగుతున్నా’ అనొచ్చు. రెండోది కూడా తాగారంటే ఆ ముక్క స్పష్టంగా పలకలేరు.

జిన్ అండ్ టానిక్ తాగేవాళ్లకు మాత్రం చరిత్ర అండగా ఉంది. టానిక్‌లోని చేదు క్వినైన్‌ది, అంటే మలేరియా మందుది. ఆ జబ్బు గుట్టు దోమ పొట్టలో దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దాన్ని మైక్రోస్కోపులో చూశాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. కాబట్టి హైదరాబాదీలు జిన్ తాగడం ఆయనకు నివాళి అని వాదించండి. పబ్బులో అల్ట్రావయొలెట్ లైటు కింద క్వినైన్ మెరుస్తుంది కూడా, సాక్ష్యానికి చూపించొచ్చు. కాకపోతే ఇప్పటి టానిక్‌లో ఉన్న క్వినైన్ మలేరియాను ఆపడానికి ఏ మూలకూ చాలదు. దోమతెర కట్టడం మానకండి.

ఇంతకీ అసలు మెలిక వన్ ప్లస్ వన్‌లో ఉంది. చాలాచోట్ల రెండోది కూడా మొదటిదే అయి ఉండాలి. ఐపీఏ నచ్చక మొహం చిట్లించేలోపు ఇంకో ఐపీఏ వచ్చి కూర్చుంటుంది, ఉచితంగా. ‘మార్చివ్వు అన్నా’ అంటే సిస్టమ్ ఒప్పుకోదంటాడు. పక్కవాడికి ఇద్దామంటే అతని ముందు కూడా నచ్చని గ్లాసు ఇంకొకటి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ‘లాస్ట్ ఆర్డర్ సార్’ అని వినబడుతుంది, అందరూ కంగారుగా మరో రెండేసి చెబుతారు. దీనికి విరుగుడు ఉంది. సొంతంగా బీరు కాచే చోట ముందే అడిగితే చిన్న గ్లాసుల్లో శాంపిల్ పోస్తారు. అడగడం నామోషీ అనుకునేవాళ్లు డబ్బు కట్టి నేర్చుకుంటారు.

బిల్లులో సర్వీస్ చార్జి ఉంటే, అది ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. తీసేయమని అడిగే హక్కు మీకుంది. రెండు గ్లాసుల తర్వాత ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు కనక వెళ్లేముందే చెబుతున్నా.

బయట రోడ్డు మీద డ్రంక్ అండ్ డ్రైవ్ వాళ్లు ఊదమంటారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. ఆ మిషన్‌కు విట్టూ ఐపీఏ తేడా తెలియదు, కొన్నదీ ఫ్రీగా వచ్చిందీ తేడా అంతకన్నా తెలియదు. బండి ఇంట్లో పెట్టి క్యాబ్‌లో వెళ్లండి.